కంపెనీ వించి

మా బావని జీపు స్టాండులో అందరూ "కాసేపు" అని పిలిచేవాళ్ళు. ఎవరు ఏ పని చెప్పినా ఆయన నోట్లోంచి మొదట వచ్చే మాట అదే. "కాసేపాగు, వచ్చేస్తా." "కాసేపాగు, ఇంజను చల్లబడనీ." ఊరంతా ఉరుకులు పెడుతున్నా ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు బానెట్ తుడుచుకుంటూ ఉండేవాడు. మంచివాడు కాదని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ మంచివాళ్ళ మీద వచ్చే కోపం చాలా చెడ్డది. తిట్టి తీర్చుకుందామన్నా నోరు రాదు.

ఆయనది పాత జీపు. వాగు అవతలి ఊళ్ళకి గ్యాస్ బండలూ, సిమెంటు బస్తాలూ, మనుషులూ, ఏది దొరికితే అది చేరవేసేవాడు. ముందు సీటు మాత్రం మా అక్కది. దానికి కవరు కుట్టింది నేనే. నేను దర్జీని, ఇనుము గురించి నాకు తెలిసింది సూది దాకానే. పెళ్ళయిన కొత్తలో ఆ సీట్లో కూర్చుని అక్క మా ఇంటికి వస్తుంటే, జీపు వీధి మొదట్లో ఉండగానే అమ్మ చప్పుడు గుర్తుపట్టి పొయ్యి మీద నీళ్ళు పెట్టేది.

పోయిన ఏడాది వానల్లో, ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేశాను. అమ్మకి అసలు బాగోలేదు, వెంటనే రమ్మన్నాను. ఇద్దరూ జీపులో బయల్దేరారు. వాగు దాటి అవతలి గట్టు ఎక్కబోయే చోట జీపు ఇరుసుల దాకా బురదలో దిగబడింది. అక్కడినుంచి మా ఇల్లు గంట లోపు నడక. అక్క దిగి నడుస్తానంది.

"ఈ వానలో, ఆ మోకాళ్ళతో ఎక్కడికి నడుస్తావే? కాసేపాగు, ఏదో ఒక ట్రాక్టరు వస్తుంది" అన్నాడు బావ. ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. అక్కకి మింగుడుపడనిది అదే.

ట్రాక్టరు సాయంత్రానికి వచ్చింది. అమ్మ మధ్యాహ్నమే పోయింది.

"పొద్దున్నించే తెలివి లేదక్కా. నువ్వొచ్చినా గుర్తుపట్టేది కాదు" అని అక్కకి చెప్పాను. అది అబద్ధం. అమ్మ చివరిదాకా తెలివిగానే ఉంది. ఆ సంగతి బావ ఒక్కడికే, పెరట్లోకి పిలిచి చెప్పాను. ఆయనకి బాగా తగలాలనే చెప్పాను. తగిలింది. "దానికి చెప్పకురా" అన్నాడు. తప్పించుకోవడానికి చూస్తున్నాడనుకున్నాను.

ఆ తర్వాత అక్క దెబ్బలాడలేదు. దెబ్బలాడినా బాగుండేది. బావతో మాట్లాడటం మానేసింది, అంతే. వంటింట్లో గిన్నెలకి చెప్పేది: "అన్నం ఉడికింది. తినేవాళ్ళు తినొచ్చు." గోడకి చెప్పేది: "బియ్యం నిండుకున్నాయి. తెచ్చేవాళ్ళు తేవచ్చు." జీపు ఎక్కలేదు. మా ఇంటికి రావాలంటే రెండు బస్సులు మారి, ఊళ్ళన్నీ చుట్టి వచ్చేది. బావ కూడా ఆ ముందు సీట్లో ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. ఎంత పెద్దమనిషి వచ్చినా వెనక్కి ఎక్కమనేవాడు. వాళ్ళు గొణుక్కుంటూ బస్తాల మధ్య ఇరుక్కునేవాళ్ళు.

వించి సంగతి అప్పుడే మొదలైంది. అమ్మ దినాలయ్యాక బావ జీపు కిందకి దూరి కడుగుతుంటే, చాసిస్ ముందు కొసన రెండు వైపులా రంధ్రాలు కనిపించాయట. ఏ బోల్టూ లేని ఖాళీ రంధ్రాలు. "ఇన్నేళ్ళుగా వాటిల్లో బురద తుడుస్తున్నాను. ఎందుకున్నాయో ఎవర్నీ అడగలేదురా" అన్నాడు నాతో. అవి వించి కోసం కంపెనీ వాడు ముందే పెట్టినవి. జీపు ముక్కు దగ్గర బిగించే ఇనుప డ్రమ్మే వించి. దానికి ఇనుప తాడు చుట్టి ఉంటుంది. తాడు కొసనున్న కొక్కెం తీసుకెళ్ళి చెట్టుకి తగిలిస్తే, ఇంజను బలానికి డ్రమ్ము తిరిగి, దిగబడిన బండి తనని తానే బయటికి లాక్కుంటుంది.

"బ్యాటరీతో తిరిగేవి బజార్లో దొరుకుతున్నాయి కదా బావా" అన్నాను.

"దీనికని పుట్టింది ఒకటుంది. అదే పెడతా."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆదివారం వస్తే చాలు, ఊరూరా పాత ఇనుప సామాన్ల కొట్లు తిరిగేవాడు. చివరికి ఒక కొట్లో, చక్రాలు కూడా లేని అలాంటి జీపు ముక్కుకే బిగించి ఉన్న వించి దొరికింది. డ్రమ్ములో కందిరీగల గూడు, పళ్ళ చక్రాలన్నీ తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "ఇది తిరిగేలోపు నీ తల తిరుగుతుంది" అన్నాడట కొట్టువాడు.

బావ దాన్ని ఇంటికి తెచ్చి, ముక్కముక్కలుగా విప్పి, అక్క బట్టలు నానబెట్టుకునే పెద్ద బేసిన్‌లో కిరసనాయిలు పోసి అందులో వేశాడు. అక్క చూసింది. బజారుకెళ్ళి ఇంకో బేసిన్ కొనుక్కొచ్చుకుంది. ఆ ఇంట్లో గొడవ అంటే అదే.

నెలలు పట్టింది. గేరుబాక్సు పక్కన ఒక రేకు మూత ఉంటే అది విప్పి, వించికి బలం ఇచ్చే చక్రం అక్కడ కూర్చోబెట్టాడు. అక్కడినుంచి ముక్కు దాకా పోయే షాఫ్ట్ కొంచెం వంగి ఉంటే, లేతు మిషను దగ్గర పడిగాపులు పడి తిన్నగా చేయించాడు. ముక్కు బరువెక్కి జీపు వంగిపోతోందని ముందు కమాన్ కట్టల్లో, అంటే స్ప్రింగుల్లో, ఒక పట్టీ ఎక్కువ వేయించాడు. నేను వెళ్ళినప్పుడల్లా లైటు పట్టుకోమనేవాడు. పట్టుకుంటూనే పొడిచేవాణ్ణి.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం బావా?"

"కాలిన చేతుల్తోనే కదరా పట్టుకునేది" అన్నాడు ఒకసారి, స్పానరు ఆపకుండా.

స్టాండులో కూడా ఆయన మారిపోయాడు. ఎవరైనా పిలిస్తే వెంటనే లేచేవాడు. కాసేపు అనే పేరు జనం నోట్లో మిగిలిందిగానీ, ఆయన నోట్లోంచి ఆ మాట మళ్ళీ రాలేదు.

వించి తిరిగిన రోజు నా దర్జీ కొట్టుకే వచ్చాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు, కళ్ళ కింద గుంటలు. "అత్తయ్య పోయి ఏడాది అవుతోంది కదా. ఆరోజు మీ అక్కని వాగు దారిన తీసుకురా. ఒక్కసారి దాని కళ్ళతో చూడనీ. ఇంకెప్పుడూ అలా జరగదని నోటితో చెబితే నమ్మదు." అది చూస్తే అక్క మళ్ళీ ఆ సీట్లో కూర్చుంటుందని, మళ్ళీ తనతో మాట్లాడుతుందని ఆయన ఆశ. నిజం చెప్పొద్దూ, ఆ ముఖం చూశాక నాకూ ఆశ కలిగింది.

అమ్మ పోయి ఏడాదైన రోజు పొద్దున్నే అక్కని స్కూటరు మీద ఎక్కించుకుని వాగు దారి పట్టాను. ఎటు తిప్పానో తెలిసినా అక్క ఆపమనలేదు. అంతకుముందు రాత్రి వాన పడింది. బావ మా కంటే ముందే వచ్చి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే జీపుని కావాలనే సరిగ్గా అదే చోట బురదలోకి దించాడు. చక్రాలు గిర్రున తిరిగాయి, బురద ఎగజిమ్మింది, జీపు ఇరుసుల దాకా దిగబడింది.

బావ దిగి, మోకాలి లోతు బురదలో తాడు లాక్కుంటూ గట్టెక్కాడు. చెట్టు బెరడు కోసుకుపోకుండా మొదలుకి గోనెసంచి చుట్టి, దానిమీద గొలుసు వేసి కొక్కెం తగిలించాడు. తెగితే ఎగిరి కొట్టకుండా తాడు మీద తడిసిన గోనె ఇంకోటి వేశాడు. వెళ్ళి సీట్లో కూర్చుని కొత్త లివరు నొక్కాడు. తాడు బిగిసింది. డ్రమ్ము మెల్లగా తిరిగింది. మడుగులోంచి గేదె లేచినట్టు జీపు నెమ్మదిగా లేచి, గట్టెక్కి, పొడి నేల మీద నిలబడింది.

టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

బావ దిగి అక్క వైపు చూశాడు. ఏడాదిలో ఆ ముఖంలో వెలుగు చూడటం అదే మొదలు.

అక్క జీపు వైపు చూసింది, బురదలో పడిన గుంట వైపు చూసింది. "ఇంతేనా రా?" అంది నాతో.

నాకు అర్థం కాలేదు.

"ఆరోజు పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇంతమాత్రం దానికా?"

బావ ముఖం చూడలేకపోయాను. ఆయన ఏడాది పాటు కష్టపడి, అక్క పోగొట్టుకున్నది ఎంత తేలిగ్గా దక్కేదో కళ్ళకి కట్టినట్టు చూపించాడు. అది మా ఇద్దరి బుర్రలకీ ముందు తట్టలేదు.

అక్క చెప్పులు చేతిలో పట్టుకుని రాళ్ళ మీదుగా వాగు దాటింది. జీపు పక్కనుంచే వెళ్ళింది, ఆగలేదు. నేను స్కూటరు అక్కడే వదిలేసి వెనకాల నడిచాను. మా వెనక బావ, జీపుని నడక వేగంతో నడుపుకుంటూ వచ్చాడు. ఎక్కమని పిలవలేదు. మోకాళ్ళు నొప్పెడుతున్నా అక్క ఎక్కడా కూర్చోలేదు.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా వాకిట్లోకి కూడా రాలేదు. అక్క అమ్మ మంచం మీద కూర్చుని, పాదాల బురద చూసుకుంటూ అడిగింది. "ఆరోజు ఈ వేళకి వచ్చుంటే అమ్మ నన్ను గుర్తుపట్టేదా?"

పాత అబద్ధమే చెబుదామని నోరు తెరిచాను. గుమ్మం దగ్గర నిలబడిన బావ నన్ను చెప్పనివ్వలేదు.

"పట్టేది. చివరిదాకా తెలివిగానే ఉంది. నిన్నే అడిగింది."

అక్క ఆయన వైపు చూడలేదు. నన్నే చూసింది. "ఏమని?"

ఇక దాచి లాభం లేదు. "వీధిలో ఏ బండి చప్పుడైనా, 'జీపేనా?' అని అడిగేది అక్కా. పాలవాడి మోపెడ్ వచ్చినా, 'జీపేనా?' అనేది. కాదమ్మా అంటే, వస్తుందిలే అనేది."

అక్క ఏడ్చింది. అమ్మ పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. నేనూ ఏడ్చాను. బావ గుమ్మం దాటి లోపలికి రాలేదు, పక్కకీ పోలేదు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోయేలా, తిడితే పడేలా అలాగే నిలబడ్డాడు.

చాలాసేపటికి అక్క కళ్ళు తుడుచుకుని తలెత్తింది. గిన్నెలతో కాదు, గోడతో కాదు, సూటిగా ఆయనతోనే అంది:

"మీరు వెళ్ళండి. నేను రేపు వాగు దారినే నడిచి వస్తాను."

"సరే" అన్నాడు బావ. వెళ్ళి జీపు స్టార్ట్ చేశాడు. అది వీధి చివర మలుపు తిరిగి చప్పుడు ఆగిపోయేదాకా అక్క అమ్మ మంచం మీదే కూర్చుని వింది.