ట్యాగుకు పెట్టిన వాక్య పరీక్ష

మా సంఘంలో బయటి బోధకుడు ఎవరైనా మైకు ముందు నిలబడాలంటే ముందు పెద్దల ఎదుట కూర్చోవాలి. శనివారం సాయంత్రం మందిరం వెనక గదిలో ఆయన మరునాడు ఏం చెప్పబోతున్నాడో అంతా చెప్పించుకుంటారు. బైబిలు వాక్యానికి ఎదురు మాట లేదని తేలితేనే ఆదివారం మైకు. దీన్ని మేం వాక్య పరీక్ష అంటాం. నాకు ఆ పద్ధతి మీద అప్పుడూ ఇప్పుడూ పూర్తి నమ్మకమే. కాకపోతే ఇంటర్నెట్టు ప్రకటనకు కూడా ఆ పరీక్ష పెడతారని నేను అనుకోలేదు.

ఇది రెండు వేల దశకం చివరి మాట. తిరుపతిలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. నలుగురి వెబ్‌సైట్లలో ప్రకటనలు సరిగ్గా వచ్చేలా చూడటం మా పని. ఆదివారాలకు చిత్తూరు వచ్చి, నేర్చుకున్న విద్యతో మా సంఘానికి కూడా ఒక సైటు తయారుచేశాను. పాటలు, ప్రసంగాలు, అంతే. మా నాయన కంజీర వాయిస్తూ పాడిన పాటలు అందులోనే ఉన్నాయి. క్యాసెట్లు బూజుపట్టి పోయాయి కాబట్టి ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

సైటు ఖర్చు కువైట్‌లో ఉన్న మా సంఘం సోదరుడు ఒకాయన పెట్టుకునేవాడు. ఆయన పని పోయి తిరిగొచ్చేశాడు. ఇక ప్రకటనలు పెట్టుకోవడం తప్ప దారి లేకపోయింది. పెద్దలు ఒక షరతు మీద ఒప్పుకున్నారు: విశ్వాసులకు తగని ప్రకటన ఒక్కటి కనబడినా సైటు మూసేయాలి.

ఆ షరతు పెట్టింది పెద్దలందరికీ పెద్ద. బంగారుపాళ్యం పక్కన మామిడి తోట ఉన్న రైతు, వరసకు నాకు మామ. ఉపవాస ప్రార్థనలో ఆయన గొంతెత్తితే వీధి చివరి టీకొట్టు వాళ్లు కూడా ఆమెన్ అంటారు.

"ఆ ప్రకటన ముందు మాకు సూపించు కోడలా," అన్నాడు.

"నా దగ్గర ఉండదు మామా. బెంగళూరు ఏజెన్సీ వాళ్ల దగ్గర ఉంటాది. వాళ్లు ట్యాగు అని నాలుగు వరసల కోడ్ పంపిస్తారు. దాన్ని మన ప్రకటనల సర్వర్లో అతికిస్తే, ఎవురైనా సైటు తెరిచినప్పుడు ప్రకటన వాళ్ల కాడ నుంచి వస్తాది."

"అయితే ఆ నాలుగు వరసలే తీసకరా."

ప్రింటు తీసి తీసుకెళ్లాను. వెనక గదిలో పాస్టరయ్యగారు, పెద్దలు చాప మీద కూర్చున్నారు. మామ కళ్లజోడు తుడుచుకుని, బైబిల్లో వంశావళుల అధ్యాయం చదివినట్టు, ఒక్క గుర్తు కూడా వదలకుండా బిగ్గరగా చదివాడు.

"ఈ అంకె ఏంది?"

"ప్రకటన వెడల్పు మామా."

"దీని పక్కది?"

"ఎత్తు."

"ఈడ పెద్దక్షరాల్లో ఉండేది?"

"ఆడ ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య వచ్చి పడతాది. లేకుంటే కంప్యూటరు పాత ప్రకటననే దాసిపెట్టుకోని మళ్లీ మళ్లీ అదే సూపిస్తాది."

ఆయన కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని మరోసారి చూశాడు. "దీంట్లో చెడ్డ మాట ఒక్కటీ లేదబ్బా. పెట్టుకోమనండి," అని తీర్పు చెప్పాడు. ట్యాగు బోధకుడు కాదనీ, పక్క ఊరి వాళ్లకు మన మైకు ఇచ్చి మీకు నచ్చినవాణ్ని పంపుకోండి అనడం లాంటిదనీ చెప్పబోయాను. అప్పటికే అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు.

సోమవారం ఆఫీసులో సర్వరు తెరిచి, కొత్త ప్రకటన అని నొక్కి, బయటివాళ్ల ట్యాగు అనే రకం ఎంచుకుని, కోడ్ అతికించాను. పాటల పేజీలో పైచోటు దానికి కేటాయించాను. తెరిచి చూస్తే మామిడి రసం సీసా వచ్చింది. మళ్లీ తెరిస్తే పట్టుచీరలు. స్తోత్రం చెప్పుకుని ఊరుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక సైటును సంఘమంతటికీ చూపించాలని మామకు ముచ్చట పుట్టింది. తన కొత్త లాప్‌టాప్‌ను తానే తెచ్చి ప్రొజెక్టరుకు తగిలించమన్నాడు. తెల్లగోడ మీద పాటల పేజీ వచ్చింది. దాని నెత్తిన, దిక్సూచి బొమ్మతో, మీ స్థలానికి వాస్తు చూస్తాం అన్న ప్రకటన.

ఆడవాళ్ల వైపు నుంచి "అయ్యో దేవా" అని వినబడింది.

"ఇదేంది కోడలా!" మామ లేచి నిలబడ్డాడు.

మళ్లీ తెరిచాను. ఈసారి బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో జాతకం చూసి చెప్పేవాళ్లు. ఇంకోసారి తెరిస్తే మంచి ముహూర్తాలు.

"మూసేయండి! ఇప్పుడే మూసేయండి సైటు! మందిరంలో ముహూర్తాలా?"

సైటు పోతే నాయన పాటలూ పోతాయి. అంతలో ఏజెన్సీ వాళ్లు చెప్పిన ఒక సంగతి తట్టింది. నవ్వొచ్చింది.

"మామా, ఈ కంప్యూటరు మీరు తప్ప ఇంగెవురన్నా వాడతారా?"

"ఎవురూ ముట్టరు! పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు!"

"ఏం లేదు మామా. ఆ ఏజెన్సీ ట్యాగు, కంప్యూటరు అంతకు ముందు ఏమేం సూసిందో దాన్ని బట్టి ప్రకటన పంపిస్తాదంట. నా కంప్యూటర్లో చీరలు వచ్చినాయి. కావాలంటే అయ్యగారి కంప్యూటరు కూడా తగిలించి సూద్దాం."

"నాది రిపేర్లో ఉండాది," అన్నారు పాస్టరయ్యగారు, నేను మాట ముగించకముందే.

"పొద్దున బాగానే ఉన్నె గదా?" అంది ఆయన పక్కనే ఉన్న పాస్టరమ్మగారు.

హాలంతా నవ్వు. మామ మాత్రం గోడ మీది ముహూర్తాల ప్రకటనను చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఒక్క మాటంటే సైటు పోతుంది. అందరి ముందూ ఆయన పరువు నేనే తీసినట్టయింది కాబట్టి ఆ మాట అంటాడనే అనుకున్నాను. ఆయన మైకు తీసుకున్నాడు.

"సాక్ష్యం చెప్పుకుంటా ఉండాను," అన్నాడు. "రెండు బోర్లు ఎండిపాయె. చెట్లు వాడిపోతా ఉండాయి. మూడోది యాడ వెయ్యాల్నో తెలీక, దాంట్లో కొట్టి కొట్టి సూసినా. తప్పు ట్యాగుది కాదు, నాది. సైటు మూసే పని లేదు."

ఎవరో ఆమెన్ అన్నారు. ఇంకెవరో "తూర్పు గట్టు కాడ వెయ్ అన్నా, ఆడ పచ్చగా ఉంటాది" అన్నారు. ఇంకొకరు కాదు పడమరే అన్నారు. సభ కాసేపు బోర్ల మీదే నడిచింది. పాస్టరయ్యగారు నీళ్ల కోసం పెద్ద ప్రార్థన చేసి ముగించారు.

మరునాడు జ్యోతిషం, వాస్తు, సారాయి, జూదం ప్రకటనలు మాకు పంపొద్దని ఏజెన్సీకి రాశాను. సాయంత్రం మామ ఫోను చేశాడు.

"ఆ బోరు పాయింటు వాళ్లను నిలిపేసినావా కోడలా?"

"నిలిపేసినా మామా."

మామ గొంతు తగ్గించాడు. "నిలిపేసేముందు వాళ్ల నంబరు ఏమన్నా..."

"మామా! దేవుడు సూస్తా ఉంటాడు."

"సూడనీ మే. బాప్తిస్మాలు ఇచ్చేది మా తోట తొట్లోనే గదా. నీళ్లు ఆయనక్కూడా కావాల్సిందే."