గుట్టను ఎడమ చేతికి ఉంచి

జహీరాబాదు బస్టాండు దగ్గరి మైలురాయి నుంచి బయలుదేరి, చిరాగ్‌పల్లి మీదుగా ఎర్రగుట్ట వెనక్కి వెళ్లి, మొగుడంపల్లి తగిలి మళ్లీ అదే రాయికి చేరితే ఇరవై తొమ్మిది మైళ్ల మూడు ఫర్లాంగులు. గుట్ట ఎక్కే దారి మూడు ఫర్లాంగులు. పద్నాలుగు అడుగులకు ఒక అడుగు ఎత్తు. పైకి చేరాక గుట్టను చుట్టుకుంటూ పోయే వంపు ఒక మైలు రెండు ఫర్లాంగులు. ఈ కొలతలు 1963లో నేను స్వయంగా తీసుకున్నవి. అప్పట్లో నేను రోడ్ల శాఖలో ఓవర్సీరుని. గొలుసు వేసి కొలవగలిగిన దాన్నే నమ్మేవాణ్ని. దయ్యం, గాలి అనే మాటలు మా ఇంట్లో ఎవరైనా ఎత్తితే లేచి బయటికి పోయేవాణ్ని.

నా భార్య తమ్ముడు మాణిక్యానికి అప్పుడు ఇరవై రెండేళ్లు. సైకిలు షాపులో పంక్చర్లు వేసేవాడు. ఆ వేసవిలో యాభై మైళ్ల సైకిలు పందెం ఒకటి పెట్టారు. గెలిచినవాడికి ఒక మిల్లులో ఫిట్టరు పని ఇస్తామన్నారు. ఆ పని దొరికితే మా అత్తమ్మ చెరకు తోటల్లో కూలి మానుకోవచ్చు. మాణిక్యం పందెంలో దిగడానికి కారణం అదొక్కటే.

సాధనకు తగిన చుట్టును నేను గీసి ఇచ్చాను. మొగుడంపల్లి వైపు నుంచి వెళితే ఎక్కుడు మెల్లగా ఉంటుంది కానీ, చిరాగ్‌పల్లి వైపు దిగుడు నిటారు. వదులు రాళ్ల మొరం దారిలో అంత వాలు దిగితే బ్రేకులు పట్టవు. అందుకని చుట్టును తిరగేశాను. నిటారు వైపు ఎక్కడం, మెల్లని వైపు దిగడం. కాళ్లకు కష్టం, ప్రాణానికి భద్రం. ఆ చుట్టులో గుట్ట మాకు ఎడమ చేతి వైపు వస్తుంది.

మొదటి ఆదివారం పొద్దున నేనూ నా సైకిలు మీద తోడు వెళ్లాను. ఎక్కుడు మొదలయ్యే చోట ఒక ముసలి బండివాడు మమ్మల్ని చూసి ఎడ్లను ఆపాడు.

"సారూ, గిటుకెల్లి ఎవ్వరు ఎక్కరు. గుట్ట కుడిచేతికే ఉండాలె. మేం రెండు మైళ్లు ఎక్కువైనా అటుకెల్లే సుట్టుకొని వస్తం."

"ఎందుకు పెద్దాయనా, గుట్టకు ఎడమచెయ్యి అంటే పడదా?" అన్నాడు మాణిక్యం నవ్వుతూ.

"గుట్ట సంగతి నాకెర్క లేదు బిడ్డా. మా ఎడ్లకైతె పడదు. కొట్టినా కదలయి."

"మా బావ గీసిన దారి పెద్దాయనా. మా బావ ఎడ్ల మాట ఇనడు."

ముసలివాడు కూడా నవ్వాడు. మేము ఎక్కాము.

మాణిక్యం నాకు యాభై గజాలు ముందున్నాడు. పైకి చేరాక వంపు తిరిగి కనుమరుగయ్యాడు. అర నిమిషం తర్వాత నేనూ తిరిగాను. దారి ఖాళీగా ఉంది. అక్కడి నుంచి రెండు ఫర్లాంగుల దాకా దారి కనిపిస్తుంది. ఎడమ పక్క నిలువు రాయి, కుడి పక్క లోయ. పక్కకు పోయే బాట లేదు. దుమ్ములో అతని టైరు గీత ఒక్కటే నేరుగా ముందుకు పోయింది. ఆ టైర్లు ముందు రోజు సాయంత్రం నేనే కొని తెచ్చాను. వాటి పలకల అచ్చు స్పష్టంగా పడింది.

వంపు చివరిదాకా తొక్కాను. మనిషి లేడు. లోయలో పడ్డాడేమోనని సైకిలు నడిపించుకుంటూ అంచు చూసుకుంటూ వెనక్కి వచ్చాను. అప్పుడు నేల చూశాను. ఇందాక ఒక్క గీత ఉన్న చోట దారి వెడల్పంతా గీతలే. కొన్నింటిలో పలకల అచ్చు కొత్తగా ఉంది, కొన్నింటిలో అరిగి ఉంది, కొన్నింటిలో అసలు అచ్చే లేదు. నా పాత టైరు గీత వాటి మధ్య ఒక్కటే ఉంది.

పేరు పెట్టి పిలిచాను. నలభై నిమిషాల తర్వాత అతను వచ్చాడు. ముందుకు పోయినవాడు, మేము ఎక్కి వచ్చిన వైపు నుంచి వచ్చాడు. దిగబోయి పడిపోయాడు.

"యాడికి పోయినవ్‌రా?"

"యాడికి పోలే బావా. తొక్కుతనే ఉన్న. గుట్ట అయిపోతలేదు." పెదవులు పగిలిపోయి ఉన్నాయి. "నువ్వు పిలుస్తుంటివి. ఇనబడుతుండె. ఎంత తొక్కినా నువ్వు అందలే."

ఇంటికి వచ్చాక సైకిలును పరిశీలించాను. రెండు టైర్లలోనూ లోపలి గుడ్డ దారాలు బయటపడ్డాయి. బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము మిగిలింది. చెయినును స్కేలు మీద పరిచాను. అడుగుకు పావు అంగుళం సాగింది. రోజూ తొక్కినా ఏళ్లు పట్టే అరుగుదల అది. అదే దారిలో అదే పొద్దున తిరిగిన నా సైకిలుకు కొత్తగా ఏమీ కాలేదు.

మాణిక్యం పందెంలో దిగలేదు. మూడో వారం నుంచి కూర్చున్నా ఆయాసం వచ్చేది. దవాఖానలో డాక్టరు చాలాసేపు గుండె విని, నా భార్యను అడిగాడు.

"రిక్షా ఎన్నేండ్లు తొక్కిండమ్మా?"

"రిక్షా గాదు సాబ్, షాపుల పంక్చర్లు ఏస్తడు. ఇరవై రెండేండ్లే."

వయసు దాస్తున్నామనుకుని ఆయన నావైపు చూశాడు. "గీ గుండె అరవై ఏండ్లు బరువులు గుంజినోని లెక్క అరిగింది. నాకు నిజం చెప్పాలె." చెప్పడానికి నా దగ్గర కొలతలు తప్ప ఏమీ లేవు. దవాఖానకు తీసుకెళ్లిన పదకొండో రోజున మాణిక్యం పోయాడు.

తర్వాత ఆ వంపును రెండుసార్లు గొలుసుతో కొలిపించాను, గుట్టను కుడి చేతికి ఉంచుకునే. రెండుసార్లూ ఒక మైలు రెండు ఫర్లాంగులే వచ్చింది. రెండో వైపు నుంచి కొలవడానికి కూలీలు ఒప్పుకోలేదు. నేనూ బలవంతం చేయలేదు. ఆ పొద్దున అతను ఎంత దూరం తొక్కాడో నాకు ఇప్పటికీ తెలియదు. మా అత్తమ్మ ఇంకో తొమ్మిదేళ్లు చెరకు తోటలకు పోయింది.

పోయినవి: టైర్లు రెండు, బ్రేకు రబ్బర్లు నాలుగు, చెయిను ఒకటి, మనిషి ఒకడు.