తీగకు పెట్టిన నామం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మూకండపల్లిలో ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. ఒక విశ్వవిద్యాలయం వాళ్లు బుల్లి ఉపగ్రహం కడుతూ, అందులో పెట్టే ఒకరకం మిశ్రలోహపు తీగలను మా ఫర్నేసులో కాల్పించుకోవడానికి వచ్చారు. తిన్నగా బిగించి కాల్చితే, తర్వాత ఎంత మడిచినా వేడి తగలగానే ఆ తీగ మళ్లీ తిన్నబడుతుంది. పైన ఎండకు అలా తిన్నబడి ఒక రేకును తెరవాలి. అదీ వాళ్ల పరీక్ష.

వాళ్ల ప్రొఫెసర్ ఒక ముక్కను మడిచి వేడి టీలో ముంచాడు. అది టక్కున లేచి నిలబడింది.

"దీనికి జ్ఞాపకముందప్పా! స్మార్ట్ మెటీరియల్!"

మా ఓనరు చెంపలు వేసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. భజన గోష్ఠిలో పెరిగినవాణ్ని. ఎన్ని జన్మల పుణ్యముంటేనో మనిషికి దక్కే స్మరణ, జానెడు తీగకు దక్కిందట! గుళ్లో ఐదు నిమిషాలు కళ్లు మూసుకోలేనివాళ్లు తీగకు దండం పెడుతున్నారు.

"మనం కాల్చి పెట్టిన రూపమే కదన్నా అది?" అన్నాను ఓనరుతో. "పది నిమిషాలియ్యి, దాన్ని వైష్ణవుణ్ని చేస్తా."

"ఊరకుండప్పా, పెద్ద చదువులోళ్లు."

వినలేదు. మిగిలిన ముక్కను నామంలా వంచి కాల్చాను. గోష్ఠిలో చూపిద్దామని తిన్నగా సాపు చేసి బల్లమీద పెట్టాను. సాపు చేస్తే తీగలన్నీ ఒక్కలాగే ఉంటాయి. నాకు తెలియకుండానే నాది వాళ్ల పొట్లంలో కలిసిపోయింది.

వారానికి, ఉపగ్రహాన్ని పంపాలా వద్దా అని తేల్చే పెద్దలు మా షాపుకే వచ్చారు. ఒక్క తీగ తప్పినా పని వేరే షాపుకు పోతుంది, దానితో నా కొలువూ. ప్రొఫెసర్ పొట్లంలోంచి ఒకటి తీసి వేడినీళ్లలో ముంచాడు. గిన్నెలో నామం తేలింది.

"ఎవడప్పా నాకు నామం పెట్టింది?"

ఓనరు నావైపు చూడలేదు.

"నేనే సార్. మీకు కాదు, తీగకు పెట్టినాను. నేను నేర్పిందే చూపిచ్చింది. దానికి తెలివుంటే పెద్దోళ్ల ముందర మీ పరువు కాపాడేది కదా?"

నొసట నామమున్న పెద్దాయన ఒకాయన పగలబడి నవ్వాడు. "పని తెలిసినోడే. అన్నీ ఇతని చేతనే మళ్లా కాల్పించండి."

కాల్చాను. ఉపగ్రహం ఎగిరింది, రేకు తెరుచుకుంది. 'ఆలోచించే తీగ' అని పేపర్లో వేశారు. నాకు నవ్వొచ్చింది. ఈసారి పొట్లం కట్టే ముందు ఒక్కో తీగనూ వేడినీళ్లలో ముంచి చూసింది నేను. అలా చూసుకోవాలన్న జ్ఞాపకం తీగకు కాదు, నాకే వచ్చింది, అదీ పెద్దల ముందు ఒకసారి సిగ్గుపడ్డాక.