గనిదారిలో గడ్డపార మోత

దారి మీద కూర్చున్న కూలీలందరూ ఒక్కసారిగా లేచి పరుగెత్తారు. దారి ఖాళీ అయిందనుకుని డ్రైవరు లారీని కదిలించాడు. ముందు చక్రం నీడలో కూర్చున్న ముసలాయన మాత్రం లేవలేదు.

అది తాడిపత్రి దగ్గర ఒక బండల గని. పంతొమ్మిది వందల అరవైల్లో ఒక ఎండాకాలం. నేను అనంతపురంలో ఉండి పత్రికకు వార్తలు రాసేవాణ్ని. బావులు ఎండిపోవడంతో గనికి ఎద్దులబండి మీద పీపాతో నీళ్లు తెచ్చేవారు. యజమాని ఆ బండిని ఊళ్లో బండలకు నునుపు పెట్టే చోటికి మళ్లించాడు. అది తిరిగి వచ్చేదాకా బండల లారీని కదలనివ్వబోమని కూలీలు అడ్డంగా కూర్చున్నారు. వాళ్లను కూర్చోబెట్టింది ముసలాయనే. తెల్లవాళ్ల కాలంలో జైలు చూసినవాడు. గనిలో మందు పేలుళ్ల మధ్య బతికి వినికిడి పోగొట్టుకున్నాడు.

ఆయన కొడుకు గడ్డపార పట్టుకుని లారీ చుట్టూ తిరుగుతున్నాడు.

"నాయనా, పొద్దున్నించి కూర్చున్నందుకు ఒక చెంబు నీళ్లన్నా వచ్చినాయా?" అని తండ్రి చెవిలో అరిచాడు.

"నువ్వు టైరు పొడిస్తే దాంట్లోనుంచి కారతాయేమప్పా?"

అందరూ నవ్వారు.

"నాలుకలు పిడచగట్టుకపోతాంటే నీకు ఎకసెక్కాలా?" అన్నాడు కొడుకు.

"లెయ్యండన్నా, నాకూ పిల్లోళ్లుండారు," అని పైనుంచి డ్రైవరు బతిమాలాడు. ఎవరూ కదల్లేదు.

కొడుకు ఇక ఆగలేకపోయాడు. "లెయ్యండి! లారీని గుంతలోకి తోద్దాం!" అని గడ్డపారతో పక్కనున్న బండను టంగుటంగున కొట్టాడు.

గనిలో మందు పేల్చేముందు అలాగే కొడతారు. ఆ మోత వింటే ఉన్నపళంగా పరుగెత్తడం వాళ్లకు చిన్నప్పటి అలవాటు. అతను వాళ్లను లారీని తోయడానికి లేపాలనుకున్నాడు. వాళ్ల కాళ్లు మాత్రం ఆ మోతనే నమ్మాయి.

ముసలాయన కాలు మోకాలి కింద నలిగిపోయింది. కూలీలు వెనక్కి వచ్చి లారీ అద్దాలు పగలగొట్టారు. వాళ్లలో కొడుకు లేడు. తండ్రి తలను ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"నేనే కొట్టినా నాయనా."

"ఏం కొట్టినావురా?" అని అడిగాడు ముసలాయన.

కొద్దిరోజులకు నీళ్లబండి వచ్చింది. కూర్చున్నందుకని కొందరు, అద్దాలు పగిలినందుకని కొందరు చెప్పుకున్నారు. యజమానిని అడిగితే, "పాపమని పంపినా," అన్నాడు.

మరుసటి వేసవిలో నీళ్లబండి మళ్లీ ఆగింది. ముసలాయనను మంచం మీద మోసుకొచ్చి దారిలో దించారు. సగం మంది ఆయన పక్కన కూర్చున్నారు. మిగతావాళ్లు ఎదుటి బండల గుట్ట దగ్గర ఆయన కొడుకు వెంట నిలబడ్డారు. సాయంత్రం నేను బస్సెక్కేదాకా లారీ కదల్లేదు, నీళ్లూ రాలేదు.