లక్షా నలభై వేల పేర్లు

శ్రీకాకుళంలో ఒక బట్టల షాపు పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. కింద షాపు, పైన ఆఫీసు ఒకరివే. మూడు తరాలుగా బట్టలమ్మిన కుటుంబంలో పుట్టిన మా యజమానికి యాభై దాటాక సాఫ్ట్‌వేర్ మీద మనసు పోయింది. ప్రైవేటు కాలేజీలకు హాజరు పట్టీలు, హాల్ టికెట్లు, మార్కుల జాబితాలు తయారుచేసే ప్రోగ్రాం మాది. మొత్తం పద్నాలుగు మందిమి. నేను పొందూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని.

ఆ ఆఫీసులో పొద్దున్నే అందరం చేసే మొదటి పని టీకి వెళ్ళడం. బద్ధకం అనుకునేరు, కాదు, అది సాంకేతిక అవసరం. ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో దాచిపెట్టి ఉంచే వ్యవస్థ ఒకటి ప్రోగ్రాంలు రాసేవాళ్ళందరికీ ఉంటుంది. గిట్ అంటారు. పొద్దున కంప్యూటర్ తెరవగానే, నిన్న మిగతావాళ్ళు చేసిన మార్పులు తెచ్చిపెట్టమని దాన్ని అడగాలి. ఎక్కడైనా రెండు మూడు సెకన్ల పని. మా దగ్గర ఇరవై నిమిషాలు. అడిగేసి టీకి వెళ్ళి, టీ తాగి, గ్లాసు కడిగేవరకూ ఆగి తిరిగొస్తే అప్పటికి ముగిసేది.

మా యజమాని దీనికి చేయించని వైద్యం లేదు. మొదట ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు. తర్వాత రౌటర్ మార్చారు. తర్వాత సర్వర్ ఉన్న గదికి ఏసీ పెట్టించారు, మాకు మాత్రం ఫ్యాన్లే. చివరికి ఆ గది గుమ్మం లోపలివైపు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టించారు. ఏసీ చల్లదనానికి అవి నెలరోజులు వాడిపోకుండా ఉన్నాయి. ఆ ఏసీ వల్ల ఎవరికైనా లాభం కలిగిందంటే వాటికే.

అసలు జబ్బుకి మూలం మా లీడ్, అంటే మా అందరి పనీ చూసే పెద్ద. ఆయన హైదరాబాదులో ఆరేళ్ళు పనిచేసి వచ్చాడు. పుట్టింది శ్రీకాకుళంలోనే అయినా, ఆ యాస దారిలో ఎక్కడో దింపేసి వచ్చాడు. గిట్‌లో బ్రాంచి అని ఒకటుంటుంది. అసలు ప్రోగ్రాం చెడిపోకుండా పక్కన ఒక పేరు పెట్టుకుని అందులో పనిచేసుకుంటాం. పని అయ్యాక అసలు దాంట్లో కలిపేస్తాం. ఆ తర్వాత ఆ పేరుతో అవసరం లేదు, తీసేయాలి. మా లీడ్ తీయనివ్వలేదు.

"బ్రాంచి అంటే మీ పనికి సాక్ష్యం. సాక్ష్యాన్ని ఎవరైనా చెరిపేసుకుంటారా?" అన్నాడు మీటింగులో.

యజమానికి ఇది చక్కగా అర్థమైంది. "మా షాపులో సేల్సుమేను ఎన్ని సీరలు ఇప్పి సూపించాడో సూస్తే ఆడి పనేటో తెలిసిపోతాది. ఇదీ అంతే కాదేటి?" అన్నారు.

అమ్మినవెన్నో చూడొద్దా అని అడగాలని నాకు నోటిదాకా వచ్చింది.

అప్పట్నుంచి రోజుకొక బ్రాంచి తప్పనిసరి అయింది. నెలాఖరున ఎవరి పేరుతో ఎక్కువ బ్రాంచీలుంటే వాళ్ళకి పొందూరు ఖద్దరు కండువా కప్పి ఫొటో తీసేవారు. రెండు నెలలు గడిచేసరికి ఆఫీసులో పనిచేసేవాళ్ళు తగ్గి, బ్రాంచీలు పెట్టేవాళ్ళు పెరిగారు. మూడో నెల కండువా నాకొచ్చింది. దాచడమెందుకు, నేను ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. బటన్ నొక్కితే అరవై బ్రాంచీలు పెట్టేది. లోపల ఏమీ ఉండదు, పేరు మాత్రమే. ఆ కండువాని మా నాన్న నాట్లు వేయించడానికి పొలానికి కూడా వేసుకెళ్ళేవాడు, అడిగినవాళ్ళకి కూతురి ప్రతిభ అని చెప్పేవాడు. దీనికి తోడు, ప్రోగ్రాంలో తప్పులున్నాయేమో చూసే మా పరీక్షల యంత్రం నడిచిన ప్రతిసారీ బ్రాంచిలాంటిదే ఒక గుర్తుపేరు అంటించేలా లీడ్ ఏర్పాటు చేశాడు. ఆ యంత్రం గంటకి పదిసార్లు నడిచేది.

మూడో ఏడాది, ప్రోగ్రాంలో తప్పులు వెతికే టెస్టర్‌గా ఒకమ్మాయి చేరింది. భావనపాడులో వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఏడాది గడిచాక చూద్దామన్నారు. మనసులో ఒకటీ పైకి ఒకటీ ఉండని మనిషి. అలాంటివాళ్ళు ఆఫీసుల్లో ఎన్నాళ్ళుంటారో అని నాకు అనుమానంగానే ఉండేది.

ఒక పరీక్షల కాలంలో పొద్దున్నే ఒక కాలేజీ క్లర్కు నుంచి ఫోను.

"అమ్మా, మా ఆడపిల్లలకి సెంటరు విజయనగరం పడిపోనాదేటి? హాల్ టికెట్లు పట్టుకుని తల్లిదండ్రులంతా గేటు కాడున్నారు. నన్ను బతకనిచ్చీలా నేరు!"

తప్పు నాదే. ముందురోజు నేను రాసిన ఒక లైనులో రెండు సెంటర్ల నంబర్లు తారుమారయ్యాయి. ఐదు నిమిషాల్లో సరిచేశాను. కానీ దాన్ని పంపాలంటే ముందు మిగతావాళ్ళ మార్పులు తెచ్చుకోవాలి. ఇరవై నిమిషాలు. పద్దెనిమిదో నిమిషంలో కనెక్షన్ తెగింది. మళ్ళీ మొదట్నుంచి. క్లర్కు తొమ్మిదిసార్లు ఫోను చేశాడు. ప్రతిసారీ నేను "అయిపోతోందండీ" అన్నాను. తొమ్మిదోసారి ఆయనే చెప్పాడు.

"ఒకాయన కూతుర్ని తీసుకుని విజయనగరం బస్సెక్కీసినాడమ్మా. సెంటరు ముందే సూసుకుంతానని. ఆయనకి సెల్లు కూడా నేదు."

ఆ తండ్రీకూతుళ్ళు విజయనగరం వెళ్ళి, తాళం వేసిన ఏదో స్కూలు గేటు ముందు నిలబడి, అడిగినవాళ్ళందరినీ అడిగి సాయంత్రానికి తిరిగొచ్చారట. మర్నాడు పరీక్ష. ఆ పిల్ల ఆ రోజు చదువుకోవలసిందంతా బస్సులో పోయింది.

ఆ పరీక్ష రోజు పొద్దున నేను టీకి వెళ్ళలేదు. గిట్ ఆ ఇరవై నిమిషాలూ ఏం చేస్తోందో అడుగడుగునా తెరమీద చూపించేలా పెట్టి కూర్చున్నాను. టెస్టర్ పిల్ల పక్కన కుర్చీ లాక్కుంది. పది నిమిషాలకే సంగతి తెలిసింది. మాకు కావలసింది ఒక్క బ్రాంచి. కానీ మేమేం అడుగుతున్నామో వినకముందే సర్వర్ తన దగ్గరున్న పేర్లన్నీ మొదటినుంచి చివరిదాకా చదివి పంపుతోంది. పైగా ఒక్కొక్క పేరూ ఒక్కొక్క చిన్న ఫైలు. ఒకటి తెరవడం, చదవడం, మూయడం, మరొకటి తెరవడం. ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టించాను. లక్షా నలభై వేలు దాటాయి.

"ఓలమ్మ! మా మండలం ఓటర్ల లిస్టు కన్నా పెద్దది కదక్కా!" అంది ఆ పిల్ల. "ఇందులో బతికున్నోళ్ళెంతమంది?"

చూశాను. నిజంగా పని జరుగుతున్న బ్రాంచీలు పదకొండు.

మర్నాడు మూలనున్న పాత కంప్యూటర్ మీద మొత్తం నకలు తీసి ప్రయోగం చేశాను. మొదట ఆ విడివిడి పేర్లన్నిటినీ ఒకే ఫైలులోకి చేర్చమన్నాను. దానికి గిట్‌లోనే ఒక ఆదేశం ఉంది, ఎవరూ వాడలేదంతే. ఇరవై నిమిషాలు మూడయ్యాయి. తర్వాత మేం ఏళ్ళ తరబడి మార్చని పాత గిట్ తీసి, రెండువైపులా కొత్తది వేశాను. కొత్తదానికి అన్నీ వల్లించే అలవాటు లేదు, అడిగిన పేరు ఒక్కటే ఇస్తుంది. ఒక్క నిమిషానికి దిగింది. ఆఖరికి చచ్చిన పేర్లన్నీ తీసేశాను. నాలుగు సెకన్లు. టెస్టర్ పిల్ల నమ్మలేదు. తనే మళ్ళీ మళ్ళీ నడిపించి చూసింది.

అసలు సర్వర్ మీద చేయడానికి అనుమతి కావాలి. మీటింగు పెట్టారు. నేను చెప్పడం పూర్తికాకుండానే లీడ్ అందుకున్నాడు.

"ఇది పెర్ఫార్మెన్స్ సమస్య కాదు సార్, మైండ్‌సెట్ సమస్య. పెద్ద సంస్థల్లో ఎన్ని బ్రాంచీలుంటాయో ఈవిడకి తెలీదు. మనం పెద్ద సర్వర్ తీసుకుందాం."

యజమాని నా వైపు తిరిగారు. "మూడేళ్ళ కష్టమమ్మా! అందరి కష్టం ఒక్కపాలి తుడిచీమంతావేటి?"

"కష్టం పోదు సార్. చేసిన పనంతా అసలు ప్రోగ్రాంలో ఎప్పుడో కలిసిపోయింది. కలవనివి విడిగా డిస్కులో దాచి బీరువాలో పెడతాను. పోయేవి ఉత్త పేర్లు."

"ఉత్త పేర్లేటి? మీరంతా పనిసేసినవి కాదేటి?"

పన్నెండు మందీ బల్ల వైపు చూస్తున్నారు. నేనూ బల్ల వైపే చూశాను. అప్పుడు టెస్టర్ పిల్ల లేచి నిలబడింది.

"సార్, నా పేరుమీద రెండువేలున్నాయి. అందులో పనిసేసినవి ముప్పై ఉంతాయేమో. మిగతావి కండువా కోసం పెట్టినాను. ఉన్నమాట సెప్పేత్తన్నాను."

యజమాని మిగతావాళ్ళందరి వైపూ తిరిగారు. "ఇంకెవరైనా?" అని అడిగారు. నేను నోరు తెరవలేదు. అరవై చొప్పున రోజూ పెట్టిన స్క్రిప్టు నా కంప్యూటర్లో అప్పటికీ ఉంది. మూలకారణం కనిపెట్టిన మేధావిని కదా, నేరస్తుల వరసలో నిలబడ్డానికి నాకు నామోషీ వేసింది. ఆ వరసలో ఆ పిల్ల ఒక్కతే మిగిలింది, తలకాయ దించుకోకుండా.

అనుమతి మాత్రం వచ్చింది, యజమాని పక్కన కూర్చుని చూస్తారన్న షరతు మీద. ఆదివారం పెట్టుకున్నాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క పేరూ చదవబోయారు. వందో పేరు దగ్గర అలిసిపోయి, "దేవుడి పేర్లున్నవి మాత్రం ముట్టుకోకమ్మా" అన్నారు. ప్రతి కొత్త పనికీ ముందు వినాయకుడి పేరుతో ఒక ఖాళీ బ్రాంచి పెట్టడం మా ఆచారం. అలాంటివి ముప్పై రెండు తేలాయి. వినాయకుడికి ఒకటి చాలదా సార్ అంటే ఆలోచించి, ఒప్పుకున్నారు. పరీక్షల యంత్రం గుర్తుపేర్లు అంటించడం కూడా ఆపించాను. పన్నెండు గంటలకల్లా పని పూర్తయింది. నాలుగు సెకన్లలో మార్పులన్నీ రావడం చూసి ఆయన నిమ్మకాయల వైపు ఒకసారి చూశారు. ఆ ఘనతలో ఎంత భాగం వాటికి ఇచ్చారో నాకు తెలియదు.

సోమవారం ఆఫీసులో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. పొద్దున్న టీ పోయింది కదా. మంగళవారం లీడ్ కాలేజీలన్నిటికీ ఒక ఉత్తరం పంపాడు. తాను రూపొందించిన కొత్త వ్యూహం వల్ల ఇకపై సేవలు వేగంగా అందుతాయని అందులో ఉంది. ఆ నెల కండువా ఆయనకే కప్పారు. యజమాని ఇంకో ప్రకటన కూడా చేశారు: ఇకనుంచి ఎక్కువ బ్రాంచీలు తీసేసినవాళ్ళకే సన్మానం. మర్నాటినుంచే మావాళ్ళు పొద్దున పెట్టి సాయంత్రం తీసేయడం మొదలుపెట్టారు. నేను ఎవరితోనూ వాదించలేదు. అప్పగించిన ప్రతి పనికీ ఉండే నంబరు లేని పేరేదైనా వస్తే తీసుకోవద్దని సర్వర్‌కి ఒక నియమం రాసిపెట్టాను. "సర్వర్ ఒప్పుకోటం నేదు సార్" అని వాళ్ళు వెళ్ళి చెబితే, "అయితే వదిలీండి" అన్నారట యజమాని. మనిషి చెబితే మీటింగు పెట్టే ఆయన, యంత్రం కాదనగానే విన్నారు.

రెండు నెలలకి టెస్టర్ పిల్లకి ఏడాది పూర్తయింది. ఉద్యోగం ఖాయం చేసేముందు లీడ్ ఒక కాగితం రాయాలి. రాశాడు. పని బాగుంది, సమయానికి వస్తుంది, నిజాయితీ లోపం ఉంది, కాబట్టి మరో ఆరు నెలలు చూద్దాం. ఆ పిల్ల ఆ కాగితం నాకు చూపించి, "ఇదేటక్కా? నిజం సెప్పినందుకా?" అంది. ఏడవలేదు. అడిగిందంతే.

ఆ మర్నాడు పొద్దున్న నేను మెట్లెక్కకుండా కింద షాపులోకి వెళ్ళాను. యజమాని పెళ్ళివారికి పట్టుచీరలు చూపిస్తున్నారు. వాళ్ళు వెళ్ళేవరకూ స్టూలు మీద కూర్చున్నాను. తర్వాత చెప్పేశాను.

"సార్, నావి కూడా దొంగ బ్రాంచీలే. రోజుకి అరవై. మీటింగులో చెప్పలేదు, భయమేసింది."

"కండువా తీసుకున్నావు కదమ్మా!"

"తీసుకున్నాను సార్."

ఆయన చేతిలో చీర మడత పెడుతూ ఆగారు. "ఇంకెవరెవరు?"

"అందరూ సార్. లీడ్ గారివి ఎనిమిది వేలు తీశాను. లోపల ఏమన్నా ఉన్నవి పాతిక."

యజమాని చీర మడత పూర్తిచేసి, అల్మారాలో పెట్టి, అద్దం తలుపు మూశారు. "అయితే ఆ గుంట ఒక్కతే నిజం సెప్పినాదన్నమాట. ఆ ఒక్కదానికే శిచ్చ ఏసినాం" అన్నారు, నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు.

సాయంత్రానికి ఆ పిల్ల ఉద్యోగం ఖాయమైంది. కొత్త కాగితంలో నిజాయితీ లోపం అన్న వాక్యం లేదు. లీడ్‌ని ఎవరూ ఏమీ అనలేదు. హైదరాబాదు అనుభవం ఉన్న మనిషి మళ్ళీ దొరకడం కష్టమట. ఆయన మాత్రం నన్ను మరిచిపోలేదు. ఆ ఏడాది నా కాగితంలో, పని బాగుంది అన్న మాట కింద, ఆ వాక్యమే అక్షరం పొల్లుపోకుండా రాశాడు. నా విషయంలో అది అబద్ధం కూడా కాదు. సంతకం పెట్టి తీసుకున్నాను.

టెస్టర్ పిల్ల దాన్ని లాక్కుని చదివి, ఆఫీసంతా వినేలా నవ్వింది. "పదక్కా, టీ తాగొద్దాం. ఈపాలి ఊరికినే, పనేటీ నేకుండా."