రీడింగ్ రూమ్ కిటికీ

మా ఊరి వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఎక్కడెక్కడో స్థిరపడిన మా ఊరివాళ్ళు పాత కబుర్లు చెప్పుకునే గ్రూపు అది. బడి మొహం చూడని నేను పేపర్లు తిరగేసి చదువు నేర్చుకున్న రీడింగ్ రూమును అందరూ తెగ పొగుడుతుంటే, "దళితవాడ వాళ్ళని లోపలికి రానిచ్చారా? కిటికీ బయట నిలబెట్టలేదూ?" అని రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. మర్నాటికి గ్రూపులో నేనే లేను.

ఆ కడుపుమంటంతా ఇబ్రహీంపట్నం బస్సులో పక్క సీటావిడ దగ్గర వెళ్ళగక్కాను. ఎక్కడో టీచరట. ఊరి పేరు వినగానే నావైపు తిరిగింది.

"మాదీ ఆ ఊరేనండీ. ఆ కిటికీ బయట మా నాన్నా నిలబడేవాడు. లోపలివాళ్ళు పైకి చదువుతుంటే విని, ఇంటికొచ్చి మాకు వార్తలు చెప్పేవాడు."

"చూశారా! నేను రాసింది అబద్ధమా? రోజూ సాయంత్రం ఆ కిటికీ పక్క బల్ల మీదే కూర్చునేవాణ్ణి. కళ్ళారా చూశాను!"

ఆవిడ నన్ను తేరిపార చూసింది. గ్రూపులో రాని జవాబు అప్పుడొచ్చింది.

"కిటికీ పక్కన కూర్చునేది మీరాండీ? మీరొస్తే నాన్న ఇంటికొచ్చేసేవాడు. మీరు మనసులోనే చదువుకునేవారంటగా."