ఎడమచేతి సంతకం

దయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే మా నాన్న నవ్వేసి పక్కకు పొయ్యేవాడు. నాకూ ఆ నవ్వే అబ్బింది. మిషన్ స్కూల్లో ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినాను, ఒక్క పిల్లకు కూడా ఆ భయం పెట్టలేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

అరవైల మొదట్లో మాట. మాది విడవలూరు. మా నాన్న యాకోబు, రమణయ్య మామ కలిసి ఒక పాత లారీ కొనుక్కున్నారు. మామ మాకు చుట్టం కాదు, మతం కూడా వేరే. అయినా మా ఇంట్లోనే తిని, మా పంచలోనే పడుకునేవాడు. బండి తోలేది ఆయన, పర్మిట్టు నాన్న పేరు మీద. లారీ ఎట్లాగో కొనొచ్చు గానీ పర్మిట్టు సంపాదించేదే కష్టం ఆ రోజుల్లో. అది లేకుండా ఒక్క వడ్ల బస్తా ఎత్తినా చెక్‌పోస్టులో బండిని నిలిపేస్తారు.

ఆఫీసు ఫారాలన్నీ నేనే నింపేదాన్ని. "నా తర్వాత పర్మిట్టు నీ పేరు మీదికే అమ్మే" అనేవాడు నాన్న.

ఉన్నట్టుండి ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. రెన్యువల్ దగ్గరపడుతోందని, మంచం మీదనే ఎడమ చేత్తో సంతకం నేర్చుకున్నాడు, నా పలక మీద. 'యా' పక్కకు ఒరిగేది. 'బు' కొమ్ము పైకి లేచిపొయ్యేది. సాయంత్రానికి నేనే తుడిచేసేదాన్ని. కాగితం మీద ఒక్కసారి కూడా పెట్టకుండానే, ఇరవయ్యో రోజున పొయ్యినాడు.

ఆ ఇరవై రోజులూ మామ మద్రాసు లోడ్ల మీదున్నాడు. కబురందుకుని సమాధి వేళకు వచ్చినాడు. పెట్టె మీద మన్ను వేసి, "పర్మిట్టు సంగతి నాకొదిలెయ్ అక్కా" అని అమ్మకు చెప్పినాడు.

నెలన్నర అయినా మామ ఇంటికి రాలేదు, ఉలుకూ పలుకూ లేదు. మనిషి పోతే మూడు నెలల్లోగా వారసుల పేరుకు మార్పించుకోవాలని నాకు తెలుసు. అమ్మను తీసుకుని నెల్లూరు ఆర్టీవో ఆఫీసుకు పోయినాను. పొద్దున పదకొండయింది. గుమాస్తా ఫైలు తీసి, "ఇది రమణయ్య గారి పేరుకు మారిపోయిందే" అన్నాడు.

మా చేతి కూడు తిన్న మనిషి!

"యాకోబు గారే వచ్చి ఒప్పుకుని సంతకం చేసినారు" అంటూ కాగితం ముందర పెట్టినాడు. దాని మీదున్న తేదీ, నాన్నను పూడ్చిన తర్వాత ఇరవై మూడో రోజుది.

"అయ్యా, అప్పటికి మా నాన్న లేడు."

ఆయన నన్ను ఎగాదిగా చూసినాడు. "లేకపోవడమేమిటమ్మా? నా ఎదురుగానే పెట్టినాడు. కుడి చెయ్యి తువ్వాలలో చుట్టుకునున్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు."

అప్పుడు చూసినాను సంతకాన్ని. ఒరిగిన 'యా', పైకి లేచిన 'బు'.

గుమాస్తా మొహంలో రంగు మారింది. "చనిపోయినట్టు కాగితముందా? ఉంటే ఇప్పుడే ఆఫీసరు గారికి చూపిస్తా. ఈ మార్పు చెల్లదు."

పాస్టరు గారు రాసిచ్చిన కాగితం అమ్మ సంచిలోనే ఉంది. ఆ సంతకం మీద నుంచి అమ్మ కన్ను తియ్యలేదు.

"లేదయ్యా" అనింది.

బయటకొచ్చినాక నేను గట్టిగా ఏడ్చినాను. అమ్మ ఏడవలేదు. "ఆయనే ఇచ్చుకున్నాడు. నేనడ్డం పడను" అనింది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తనియ్యలేదు.

మర్నాడు నేనొక్కదాన్నే లారీ దగ్గరికి పోయి మామను నిలదీసినాను.

"మీ నాన్నను నేను పిలవలేదమ్మే. మీ అమ్మ పేరుకు మార్చే ఫారం కోసమే పోయినా. ఆఫీసు వరండాలో నిలబడుండాడు. ఆడోళ్ళకు లారీ ఎందుకు రమణయ్యా, నీ పేరుకే మార్చుకో అన్నాడు. నేను మొహంలోకి చూళ్ళేదు."

"మరి వచ్చి మాతో ఎందుకు చెప్పలేదు?"

ఆయన పోయి బండెక్కినాడు. ఆ తర్వాత మా ఇంటి ఛాయలకు రాలేదు. బండి మాత్రం చాలా ఏళ్ళు తోలినాడు.

మామ అబద్ధం చెప్పినాడనుకుందామంటే, నేను తుడిచేసిన ఆ రాత ఆయనకెట్లా దొరికిందో తెలీదు. నిజం చెప్పినాడనుకుందామంటే, అది ఇంకా కష్టంగా ఉంటుంది. సమాధుల దొడ్డి నుంచి నెల్లూరు పోవాలంటే మా గడప ముందర నుంచే దారి. ఆ సంతకం పడిన రోజు పొద్దున నేను ఇంట్లోనే ఉన్నాను. తలుపు తీసే ఉంది.